రెండు ఇరుసులు, రెండు లెక్కలు: 1957 షెవర్లే నాప్కో ట్రక్కు పునరుద్ధరణ

బండి 1957 నాటి షెవర్లే 3600. ముప్పావు టన్ను పికప్, 235 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు గేర్ల గేర్‌బాక్సు. మినెసోటా రాష్ట్రం పశ్చిమాన మొక్కజొన్న, సోయా పండించే ఒక కుటుంబానిది. షెవర్లే దీన్ని వెనక చక్రాలు మాత్రమే లాగే బండిగా తయారు చేసింది. దాని కింద ముందు డ్రైవింగ్ ఇరుసు, గేర్‌బాక్సు శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు చేరి నాలుగు చక్రాలూ లాగే బండి అయింది మాత్రం మినియాపొలిస్‌కు చెందిన నాప్కో సంస్థ కిట్టు వల్ల. తాతగారి నుంచి మనవరాలికి వచ్చింది. ఆమె దాన్ని అమ్మదలచుకోలేదు, ప్రదర్శనలో పెట్టదలచుకోలేదు. చలికాలం మంచులో పొలానికి వెళ్లాలి, వేసవిలో ఊరి ఊరేగింపులో నడవాలి. అంతే.

"ఫోర్ వీల్‌లో వేస్తే బండి తనలో తానే కొట్టుకుంటోంది" అని ఆమె ఫోనులో చెప్పారు. గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో వేస్తే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బండి బిగుసుకుంటుంది. స్టీరింగు చేతుల్లో అదురుతుంది. లో రేంజిలో, అంటే వేగం తగ్గి లాగుడు పెరిగే స్థానంలో, బరువు లాగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసు లివరు దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. ఒక్కోసారి ఇందుకు పూర్తి విరుద్ధంగా, బండి కాస్త రివర్సు చేస్తే తప్ప లివరు కదలదు. వీటికి తోడు ముందు చక్రాల లోపలివైపు నుంచి గ్రీజు కారుతోంది, టైర్ల అరుగుదల నాలుగింటికీ ఒక తీరుగా లేదు.

మా దగ్గరికి రాకముందు ఆమె రెండు చోట్ల చూపించారు. రెండు చోట్లా ఒకే సలహా: ముందు ఇరుసు తీసేసి, తర్వాతి కాలపు ట్రక్కు ఇరుసు వేయించుకోండి, విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, డిస్క్ బ్రేకులు కూడా కలిసి వస్తాయి. రోజూ నడిపే బండికైతే ఆ సలహాలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నాప్కో ఇరుసు తీసేశాక మిగిలేది నాప్కో ట్రక్కు కాదు. పైగా రోగం ఏమిటో తెలియకుండానే కాలు తీసేయమని చెప్పే సలహా అది. ముందు కారణం కనుక్కుందాం, మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం అని చెప్పాను. ఆమె ఒప్పుకున్నారు.

కిట్టు వెనక ఉన్న ఆలోచన

మనవాళ్లకు ఫోర్ వీల్ డ్రైవ్ అనగానే విల్లీస్, మహీంద్రా జీపులు గుర్తొస్తాయి. నేనూ విజయవాడ ఆటోనగర్‌లో ఆ జీపుల ముందు ఇరుసులు విప్పుతూనే పని నేర్చుకున్నాను. అమెరికాలో మాత్రం జీపుకు ముందే ఇంకో దారి ఉంది. వాల్టర్ మార్మన్, ఆర్థర్ హెరింగ్టన్ కలిసి 1931లో ఇండియానాపొలిస్‌లో మార్మన్-హెరింగ్టన్ కంపెనీ పెట్టారు. 1935 నుంచి ఫోర్డ్ ట్రక్కులను ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చి అమ్మారు. ఆ బండ్లు గట్టివి, ధర కూడా ఎక్కువే. యుద్ధం ముగిశాక 1946లో డాడ్జ్ పవర్ వ్యాగన్, 1947లో విల్లీస్ పికప్ వచ్చాయి. అయినా మామూలు షెవర్లే, జీఎంసీ పికప్ వాడుతున్న రైతుకు, విద్యుత్ లైన్లు వేసే వారికి, అడవి శాఖ వారికి కావలసింది వేరు. చేతిలో ఉన్న బండి అలాగే ఉండాలి, దానికి ముందు చక్రాల లాగుడు రావాలి.

నాప్కో పట్టుకున్నది ఆ అవసరాన్నే. పవర్-పాక్ అన్న పేరుతో కిట్టు అమ్మింది. ముందు ఇరుసు, రబ్బరు దిమ్మెల మీద కూర్చునే రెండు వేగాల ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, లివర్లు, బ్రాకెట్లు అన్నీ అందులోనే వస్తాయి. ఛాసిస్‌ను కోయనక్కరలేదు, కొన్ని కొత్త రంధ్రాలు చాలు. ట్రక్కు పాతబడితే కిట్టు విప్పి ఇంకో ట్రక్కుకు బిగించుకోవచ్చు. 1956లో జీఎంసీ, 1957లో షెవర్లే దీన్ని తమ ఫ్యాక్టరీ నుంచే ఆప్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టాయి. 1959లో ఫోర్డ్, 1960లో షెవర్లే తమ సొంత ఫోర్ వీల్ ట్రక్కులు తెచ్చాయి. అందుకే ఈ ఆకారపు షెవర్లేలో నాప్కో కనిపించే కాలం చాలా ఇరుకైనది, మిగిలిన బండ్లు కొద్ది.

నాకు ఈ కిట్టులో అన్నిటికంటే నచ్చే సంగతి ముందు ఇరుసు మధ్యభాగం. నాప్కో దానికోసం కొత్త గేర్లు తయారు చేయలేదు. షెవర్లే వెనక ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ సెట్టునే, అంటే క్రౌన్ వీల్ (చక్రాల వైపు ఉండే పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే, షాఫ్టు చివరి చిన్న గేరు), వాటిని మోసే క్యారియర్ మొత్తాన్నీ ముందు హౌసింగులో కూర్చోబెట్టింది. విడిభాగాలు ఏ షెవర్లే డీలరు దగ్గరైనా దొరుకుతాయి. అంతకంటే ముఖ్యంగా, ముందు వెనకల నిష్పత్తి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగాల్సిన చుట్ల లెక్క, ఒకటే అవుతుంది. ఈ బండిలో ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే నడుమ డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్‌లో వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి గట్టిగా కట్టుబడి ఒకే వేగంతో తిరుగుతాయి. కాబట్టి రెండు ఇరుసుల గేరు నిష్పత్తి సమానంగా ఉండి తీరాలి. నాప్కో ఇంజినీర్లు ఆ సమానత్వాన్ని డిజైన్‌లోనే పెట్టేశారు. దాన్ని ఎవరైనా చెడగొట్టాలంటే ఒక ఇరుసును మాత్రమే విప్పి మార్చాలి.

సుద్దగీతల పరీక్ష

ముందుగా టైర్లు కొలిచాం. నాలుగూ ఒకే సైజు, సుమారు 32 అంగుళాల ఎత్తు. ముందువాటి మీద నేలను తాకే రబ్బరు గుబ్బల అంచులు ఒకవైపుకు రంపపు పళ్లలా అరిగాయి. వెనకవి మామూలుగా ఉన్నాయి. చక్రాల అమరిక చూస్తే ఇంత అరుగుదలకు సరిపడే తేడా లేదు. ముందు టైరు దొర్లడంతో పాటు నేల మీద జారుతూ కూడా వచ్చిందని అది చెబుతోంది.

తర్వాత చేసిన పరీక్షకు జాకీ, సుద్దముక్క తప్ప ఏ పరికరమూ అక్కరలేదు. ఇలాంటి బండి కొనబోయే ప్రతి ఒక్కరూ డబ్బు ఇవ్వకముందే చేసుకోవలసిన పరీక్ష ఇది. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టి, కదలకుండా చక్రాలకు అడ్డుపెట్టి, వెనక ఒక చక్రాన్ని మాత్రమే పైకి లేపాం. రెండోది నేల మీదే ఉంది. లేపిన చక్రానికి, వెనక షాఫ్టుకు సుద్దతో గుర్తులు పెట్టాం. ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు రెండోది సరిగ్గా రెండు చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లోపల షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. నేను చక్రాన్ని తిప్పుతుంటే మా కుర్రాడు బండి కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. వెనక నాలుగు చుట్లు దాటి పదో వంతు వచ్చింది. ముందు ఇరుసుకు అదే పరీక్ష చేస్తే నాలుగున్నర దాటింది.

"మళ్లీ చూద్దాం అన్నా, నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను" అన్నాడు. మళ్లీ చూసినా అంతే.

ముందు 4.57, వెనక 4.10. 4.57 అన్నది ఆ కాలపు ముప్పావు టన్ను షెవర్లేకు మామూలుగా వచ్చే నిష్పత్తి. 4.10 సెట్టు 1960లలో వచ్చిన షెవర్లే ట్రక్కులది. పాత హౌసింగులో అది చక్కగా కూర్చుంటుంది. హైవే మీద ఇంజను అరుపు తగ్గాలని పాత షెవర్లే ట్రక్కుల యజమానులు చాలామంది ఈ మార్పిడి చేయించుకుంటారు. వెనక చక్రాలు మాత్రమే లాగే బండికి అది మంచి మార్పిడే. నాప్కో బండికి మాత్రం రెండు ఇరుసులకూ చేయాలి, లేదా అసలు చేయకూడదు. ఇక్కడ వెనక ఒక్కటే మార్చి వదిలేశారు.

తేడా చూడటానికి చిన్నదే. నేల మీద ఏం జరుగుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 32 అంగుళాల టైరు వంద మీటర్ల దూరానికి 39 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ దూరానికి వెనక షాఫ్టు సుమారు 161 చుట్లు తిరగాలి, ముందు షాఫ్టు సుమారు 179 చుట్లు తిరగాలి. రెండూ ఒకే వేగానికి కట్టుబడి ఉన్నాయి కాబట్టి అది సాధ్యం కాదు. వంద మీటర్లకు 18 చుట్ల తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. బురదలో, మంచులో అయితే టైరు జారిపోయి తీరుతుంది, డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. ఎండిన గట్టి నేల మీద టైరు జారదు. షాఫ్టుల్లో, ఇరుసుల్లో, గేరు పళ్ల మధ్య మెలి పేరుకుపోతూ ఉంటుంది. ఆ మెలి వల్లే లివరు ఇరుక్కుపోతోంది. రివర్సు చేయగానే మెలి విడుతుంది, లివరు కదులుతుంది. ఆమె చెప్పిన ప్రతి లక్షణానికీ అర్థం దొరికింది.

ముందు చక్రాలు బండిని లాగడం మానేసి, ఆపుతున్నాయి. తాతగారి చివరి సంవత్సరాల్లో ఆ ట్రక్కు ఫోర్ వీల్‌లోకి పెద్దగా వెళ్లలేదు, వెళ్లినా మంచులోకే వెళ్లింది. అందుకే ఇన్నాళ్లూ ఎవరి దృష్టికీ రాలేదు.

గేరు పళ్ల సాక్ష్యం

లెక్క సరిపోయినంత మాత్రాన ఇరుసు విప్పకుండా వదలకూడదు. ముందు డిఫరెన్షియల్ బయటికి తీసి కడిగి దీపం కింద పెట్టాం.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అనుభవం ఉన్న మెకానిక్కులు కూడా ఇది పట్టించుకోరు. వెనక ఇరుసు కోసం తయారైన సెట్టును ముందు పెట్టాలంటే వెనక్కి తిప్పి పెట్టాలి. పినియన్ ముఖం ట్రాన్స్‌ఫర్ కేసు వైపు, అంటే వెనక్కి ఉండాలి కదా. అలా తిప్పినప్పుడు బండి ముందుకు లాగేటప్పుడు క్రౌన్ వీల్ పంటికి బరువు పడే ముఖం మారిపోతుంది. వెనక ఇరుసులో పంటి ఉబ్బెత్తు ముఖం మీద లాగుడు పడుతుంది. ముందు ఇరుసులో లోపలికి వంగిన ముఖం మీద పడుతుంది. కాబట్టి ముందు సెట్టు నిజాయితీగా లాగుతూ బతికి ఉంటే, అరుగుదల మెరుపు లోవంపు ముఖం మీద ఎక్కువగా కనిపించాలి.

మా సెట్టులో మెరుపు రెండు ముఖాల మీదా ఉంది. లోవంపు ముఖం మీద ఉన్నది పాతది, వెడల్పుగా, మసకగా, పంటి మధ్యలో చక్కగా పడింది. ఉబ్బెత్తు ముఖం మీద ఉన్నది సన్నగా, కొత్తగా, పంటి బయటి చివరన గీతలా పడింది. బండి రివర్సులో లాగినా ఆ ముఖం మీదే బరువు పడుతుంది, కానీ రివర్సులో ఎవరూ అంత దూరం లాగరు. చక్రమే పినియన్‌ను తిప్పడానికి ప్రయత్నిస్తే, అంటే నేల ముందు చక్రాన్ని ముందుకు తోస్తూ షాఫ్టు అడ్డుపడుతూ ఉంటే, ఆ గీత అక్కడే పడుతుంది. వెడల్పాటి పాత మెరుపు తాతగారి కాలం పని. సన్నటి కొత్త గీత 4.10 వచ్చాక జరిగిన పెనుగులాట. పళ్లు విరగలేదు, పగుళ్లు లేవు. రంగు ద్రవంతో పగుళ్ల పరీక్ష కూడా చేయించాం. ముందు సెట్టును అలాగే ఉంచవచ్చు అన్నది మాకు దొరికిన మొదటి శుభవార్త.

ట్రాన్స్‌ఫర్ కేసు సంగతి మరోలా ఉంది. గేర్‌బాక్సుకు నేరుగా అతుక్కుని ఉండదు. ఒక పొట్టి షాఫ్టు ద్వారా శక్తి తీసుకుంటూ, ఛాసిస్ మీద రబ్బరు దిమ్మెల నడుమ కూర్చుంటుంది. శబ్దం, అదురు తగ్గాలని నాప్కో ఇచ్చిన సదుపాయం అది. ఇక్కడ రెండు దిమ్మెలు పూర్తిగా చిరిగిపోయి, కేసు ఒకవైపుకు ఒరిగింది. పేరుకున్న మెలి కేసును మెలితిప్పడానికే చూస్తుంది, రబ్బరు ఎంతకాలం ఆపుతుంది? కేసు ఒరిగితే లివర్ల కడ్డీల కొలత మారుతుంది. డ్రైవరు లివరు చివరిదాకా లాగాననే అనుకుంటాడు, లోపల స్లీవు మాత్రం గేరు మీద సగమే ఎక్కి ఉంటుంది. బరువు పడగానే జారిపోతుంది. లో రేంజిలో లివరు బయటికి రావడానికి కారణం గేర్లు కాదు, చిరిగిన రబ్బరు. అంతకుముందు ఎవరో ఇదే ఇబ్బందికి లోపలి స్ప్రింగు బలమైనది వేశారు. అందుకే లివరు అంత గట్టిగా ఉంది.

ఛాసిస్ చెప్పిన చరిత్ర

కుటుంబంలో అందరూ ఈ ట్రక్కు ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్‌గా వచ్చిందని నమ్ముతున్నారు. మార్కెట్లో అలాంటి బండికి విలువ ఎక్కువ కూడా. ట్రాన్స్‌ఫర్ కేసు బ్రాకెట్ విప్పినప్పుడు దాని కింద, ఛాసిస్ నల్లరంగు మీద, రాయిలా గట్టిపడిన మట్టిపొర కనిపించింది. బ్రాకెట్ అంచుల చుట్టూ తర్వాత చేరిన మట్టి కాదు అది. లోహానికీ లోహానికీ మధ్య నొక్కుకుపోయి, బ్రాకెట్ ఆకారం అచ్చుపడిన పొర. అంటే బ్రాకెట్ బిగించేనాటికే ఆ ట్రక్కు పొలాల్లో తిరిగింది. పక్కనే ఉన్న రంధ్రాల్లో ఒకటి డ్రిల్లుతో వేసింది కాదు. గ్యాసు మంటతో చేసి ఆకురాయితో సరిచేశారు. కాస్త కోలగా ఉంది, ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

ఫోటోలు తీసి ఆమెకు చూపించాను. ఈ ట్రక్కును మొదట వెనక చక్రాలు మాత్రమే లాగే బండిగా కొన్నారు, తర్వాత ఏదో డీలరు షెడ్డులో కిట్టు బిగించారు అని చెప్పాను. ఆమె కొంత నిరాశపడ్డారు. వారం తిరక్కముందే ఫోను చేశారు. నాయనమ్మ రాసిన జమాఖర్చుల పుస్తకం వెతికితే ట్రక్కు ఖరీదు 1957లో ఒక పద్దుగా, ఫోర్ వీల్ కిట్టు ఖర్చు ఆ తర్వాతి శీతాకాలంలో ఇంకో పద్దుగా దొరికాయట. ఆ మధ్య పద్దుల్లో మంచులో కూరుకుపోయిన ట్రక్కును ట్రాక్టరుతో లాగించినందుకు పొరుగువారికి ఇచ్చిన డబ్బు కూడా ఉందని చదివి వినిపించారు. నా దృష్టిలో ఆ రెండు పద్దులు ఫ్యాక్టరీ కాగితం కంటే విలువైనవి. కిట్టు ఎందుకు పుట్టిందో, ఎవరికోసం పుట్టిందో ఆ ఇంటి ఖర్చుల పుస్తకమే చెబుతోంది.

అందుకే ఆ కోల రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి గుండ్రంగా చేయలేదు. చుట్టూ పగుళ్లు లేవని నిర్ధారించుకుని, వెనక మందపాటి వాషరు వేసి బిగించాం. చాలామంది పునరుద్ధరణ అంటే ఫ్యాక్టరీ నుంచి ఆ రోజే బయటికి వచ్చినట్టు చేయడం అనుకుంటారు. కన్వర్షన్ ట్రక్కు విషయంలో ఆ కొలత సరిపోదు. ఇది ఎప్పుడూ ఒక్క ఫ్యాక్టరీలో పూర్తయిన బండి కాదు. డెట్రాయిట్ పని, మినియాపొలిస్ పని, ఊరి డీలరు దగ్గర గ్యాసు మంటతో రంధ్రం చేసిన మెకానిక్కు పని, మూడూ కలిసిన చోటే దీని అందం. ఆ అతుకులు కనిపించకుండా చేస్తే బండి గురించి చెప్పేందుకు ఏమీ మిగలదు.

ఏ నిష్పత్తి ఉంచాలి

రెండు దారులున్నాయి. ముందు కూడా 4.10 వేయడం, లేదా వెనక 4.57 తిరిగి తేవడం. మా మెషిన్ షాపు పెద్దాయన మొదటి దారి మంచిదన్నాడు. గంటకు 50 మైళ్ల వేగంలో ఈ టైర్లతో 4.57 అయితే ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంది, 4.10 అయితే 2150. పాత ఆరు సిలిండర్ల ఇంజనుకు ఆ 250 చుట్ల తేడా చెవికి తెలుస్తుంది.

నేను రెండోదే ఎంచుకున్నాను. ఆమె హైవే మీద దూరాలు నడపరు. ఈ గేర్‌బాక్సు మొదటి గేరు 7.05. ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజి దాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఆ పైన 4.57 ఉంటే ఇంజను 60 చుట్లకు పైగా తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మంచులో, మొద్దులు లాగేటప్పుడు క్లచ్ మీద కాలు పెట్టకుండా నడక వేగం కంటే నెమ్మదిగా పాకే శక్తి అది. బండి పుట్టింది ఆ పనికే. పైగా ఆరోగ్యంగా ఉన్న ముందు సెట్టును కదిలించనక్కరలేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. అందరూ 4.10 కోసం వెతుకుతూ 4.57 సెట్లు తీసి పక్కన పడేస్తారు కాబట్టి మంచి 4.57 తక్కువ ధరకే దొరుకుతుంది. మాకు ఒక పాత పాడి రైతు షెడ్డులో, నూనెలో నానుతూ దొరికింది.

వెనక సెట్టు బేరింగులన్నీ కొత్తవి వేసి, షిమ్ములతో (పలచటి లోహపు రేకులతో) పినియన్ లోతు సరిచేసి, పళ్ల మీద నీలి రంగు పూసి తిప్పి అచ్చు చూశాం. వెనకదానికి ఉబ్బెత్తు ముఖం మీద అచ్చు మధ్యలో పడేలా చూసుకున్నాం. ముందుదానికి మాత్రం అదే జాగ్రత్త లోవంపు ముఖం మీద తీసుకున్నాం. వెనక ఇరుసు అలవాటుతో ముందుదాన్ని కూడా ఉబ్బెత్తు ముఖం చూసి సరిపెడితే శబ్దం చేస్తుంది. కొత్తవారు ఇది గుర్తుంచుకోవాలి.

ముందు చక్రాల గుండ్లు

ఎక్కువ ఓపిక తీసుకున్న పని ఇది. ఇరుసు చివర పెద్ద ఇనుప గుండు, దాని మీద తిరుగుతూ చక్రాన్ని పక్కలకు తిప్పే స్టీరింగ్ నకిల్, లోపల చక్రానికి శక్తినిచ్చే జాయింటు. గుండు మీద జారుతూ ఒక రబ్బరు సీలు, ఒక ఫెల్టు పట్టీ లోపలి గ్రీజును ఆపుతాయి. గుండు నునుపుగా ఉన్నంతకాలమే అవి పనిచేస్తాయి. బండి ఏళ్ల తరబడి చక్రాలు నేరుగా పెట్టి నిలబడి ఉంది కాబట్టి, సీలు తాకని అర్ధభాగం మీద తుప్పు గుంటలు పడ్డాయి. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ గుంటలు సీలు అంచును కోసేశాయి. మన జీపుల్లోనూ ఇదే కథ. కొత్త సీలు వేసి పంపేస్తే రెండు నెలల్లో మళ్లీ కారుతుంది.

ఎడమ గుండు మీద గుంటలు తక్కువ లోతువి. లోహపు పొడి కలిసిన ఎపాక్సీతో పూడ్చి, సన్న కాగితంతో నునుపు చేశాం. కుడి గుండు మీద లోతైనవి ఉండటంతో ఇత్తడి వెల్డింగు చేయించి, లేతు మీద మళ్లీ గోళాకారానికి తెచ్చాం. వేలితో తడిమితే రెండు లోహాలు కలిసిన చోటు తెలియకూడదు, కంటికి మాత్రం పసుపు మచ్చలు కనిపిస్తాయి. అలాగే వదిలేశాం.

నకిల్ తిరిగే నిలువు పిన్నుల, అంటే కింగ్ పిన్ బేరింగుల బిగుతును షిములతో సరిచేయాలి. సీలు వేయకముందే, నకిల్ చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూస్తూ బిగించాం. సీలు వేశాక కొలిస్తే దాని రాపిడి కూడా కలిసిపోయి అసలు బిగుతు తెలియదు. స్టీరింగు అదురులో మెలి వాటా పోగా మిగిలింది ఇక్కడే ఉంది. కుడివైపు బేరింగు వదులై, చక్రాన్ని పట్టి ఊపితే కదిలేది. లోపల పలచటి గ్రీజు వేశాం. మామూలు చక్రాల గ్రీజు అక్కడ ఒక అంచుకు చేరి కూర్చుంటుంది, జాయింటు ఎండిపోతుంది.

మిగిలిన పని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇంజను కంప్రెషను ఆరు సిలిండర్లలోనూ సమానంగా ఉంది. వాల్వుల సందు సరిచేసి, కార్బురేటరు శుభ్రం చేశాం. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి. కమాన్ కట్టల పిన్నులు, బుష్‌లు మార్చాం. వైరింగు మొత్తం మార్చాం, 12 వోల్టుల పద్ధతి అలాగే ఉంది. క్యాబిన్ కింది మూలలు తుప్పు తినేస్తే కోసి కొత్త రేకు వేసి టింకరింగ్ చేశాం. ఆకుపచ్చ పాత రంగును మాత్రం తీయలేదు. డ్రైవరు తలుపు పైఅంచున మోచేయి ఆనిన చోట రంగు పోయి, ప్రైమరు కూడా పోయి, ఇనుము నున్నగా మెరుస్తోంది. తాతగారి మోచేయి అది. తుప్పు రాకుండా పారదర్శకమైన మైనం పూత వేసి ఊరుకున్నాం.

కొత్త రబ్బరు దిమ్మెలు పాతవాటి కొలతలకే పోత పోయించాం. కేసు సమంగా కూర్చున్నాక లివర్ల కడ్డీలను మళ్లీ కొలిచి పొడవు మార్చాం. బలమైన స్ప్రింగు తీసి మామూలు బలం ఉన్నది వేశాం. పొట్టి షాఫ్టు రెండు చివరల యూజే క్రాసులు (వంగే కీళ్లు) కొత్తవి. పాతది బిగించినవారు రెండు చివరల కొమ్ములను ఒకే వరుసలో పెట్టలేదు. స్ప్లైన్ విప్పి సరిగా వరుసలో పెట్టగానే గంటకు 40 మైళ్ల దగ్గర వచ్చే సన్నటి గుంయ్‌మనే శబ్దం పోయింది.

పరీక్ష, అప్పగింత

నాలుగు చక్రాలూ గాలిలోకి లేపి ఫోర్ వీల్‌లో వేసి సుద్దగీతలతో మళ్లీ చూశాం. ముందు, వెనక చక్రాలకు ఒకే లెక్క వచ్చింది. తర్వాత కంకర దారి మీద ఫోర్ వీల్ హైలో నేరుగా నడిపి, ఆపకుండానే లివరు వెనక్కి తీశాను. రెండు వేళ్లతో వచ్చేసింది. లో రేంజిలో ధాన్యం బండి కట్టి గట్టు ఎక్కించాం. మొదటి గేరులో ఆక్సిలరేటరు తాకకుండా పైకి పాకింది, లివరు కదల్లేదు. దిగాక ముట్టుకుని చూస్తే రెండు డిఫరెన్షియళ్లూ దాదాపు సమానంగా వెచ్చబడ్డాయి. ముందుది కూడా తన వాటా బరువు మోస్తోందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

బండి అప్పగించే రోజు ఆమెకు మూడు సంగతులు గట్టిగా చెప్పాను. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వద్దు, నిష్పత్తులు సమానమైనా మలుపుల్లో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి, నడుమ డిఫరెన్షియల్ లేదు. టైర్లు మారిస్తే నాలుగూ ఒకేసారి, ఒకే సైజువి మార్చాలి. చలికాలం మొదలయ్యే ముందు బ్రాకెట్ బోల్టుల బిగుతు ఒకసారి చూపించుకోవాలి, కొత్త రబ్బరు కాస్త కుదురుకుంటుంది.

తీసేసిన 4.10 సెట్టును నూనె పూసి, పెట్టెలో పెట్టి ఆమెకే ఇచ్చాం. దాని మీద ఏ ఇరుసు నుంచి, ఎందుకు తీశామో రాసిన చీటీ కట్టాం. రేపు ఆ కుటుంబంలో ఎవరికైనా హైవే వేగం కావాలనిపిస్తే ఇంకొకటి సంపాదించి జతగా వేసుకోవచ్చు. ముందు చక్రాలకు లాకింగ్ హబ్బులు, అంటే అవసరం లేనప్పుడు చక్రాన్ని ఇరుసు నుంచి చేతితో విడదీయగల హబ్బులు, వేయాలా అన్నది ఇంకా తేలలేదు. అవి ఉంటే వెనక చక్రాల లాగుడుతోనే నడిపేటప్పుడు ముందు ఇరుసు ఊరికే తిరగదు, అరుగుదల తగ్గుతుంది. ఆమెకు మాత్రం పొలంలో బండి దిగి మంచులో మోకాళ్ల మీద కూర్చుని హబ్బులు తిప్పడం ఇష్టం లేదు. ఈ చలికాలం చక్రాన్ని ఇరుసుకు ఎప్పుడూ కలిపి ఉంచే పాత ఫ్లాంజులతోనే నడిపి చూస్తామన్నారు. వసంతంలో నకిళ్లు ఒకసారి విప్పి గ్రీజు చూడాలి కాబట్టి, ఆ నిర్ణయం అప్పుడు తీసుకుంటాం.